ప్చుమ్ బెన్ రోజుల్లో కంబోడియా ప్రయాణం: పగోడా మర్యాదలు, బాయ్ బెన్, శాకాహారం, అంకోర్

నాగావళి
ఈసారి మహాలయ పక్షం చివర్లో కంబోడియా రాజధాని ప్నొంపెన్‌లో మూడు రోజులు, అంకోర్ గుళ్ళున్న సియెమ్ రీప్‌లో నాలుగు రోజులు అనుకుంటున్నాం. అమ్మ, నాన్న కూడా వస్తారు, ఇద్దరూ శాకాహారులే. సరిగ్గా అదే సమయంలో అక్కడ ప్చుమ్ బెన్ అని పెద్దల పండగ ఉంటుందట. పరాయి దేశం వాళ్ళు పగోడాకి, అంటే బౌద్ధ గుడికి, వెళ్తే అభ్యంతరం ఉంటుందా? ఏం కట్టుకోవాలి, ఏం తీసుకెళ్ళాలి, ఎక్కడ కూర్చోవాలి? తిండి సంగతేమిటి? అంకోర్ వాట్‌లో భారతం, రామాయణం చెక్కిన గోడలు ఏ వరసలో చూస్తే అర్థమవుతాయి? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

మెకాంగ్ ఒడ్డు
ముందు తేదీల సంగతి. ఖ్మేర్, అంటే కంబోడియావాళ్ళ, పంచాంగంలో ఫొత్రొబొత్ అంటే భాద్రపదమే. ఆ మాసం కృష్ణపక్షం పదిహేను రోజులూ ప్చుమ్ బెన్. అంటే మన మహాలయ పక్షమే. 2024లో మన మహాలయ అమావాస్య, వాళ్ళ పెద్ద రోజు రెండూ అక్టోబర్ 2నే పడ్డాయి. 2025లో మనకు సెప్టెంబర్ 21, వాళ్ళకు 22. వాళ్ళకు అధికమాసం ఎప్పుడొచ్చినా ఆషాఢానికే వస్తుంది, మనకు వేరే మాసాలకూ రావచ్చు. అయినా భాద్రపదం దగ్గరికి వచ్చేసరికి రెండు లెక్కలూ సాధారణంగా కలిసిపోతాయి. 2026లో అక్కడి ప్రభుత్వ సెలవులు అక్టోబర్ 10, 11, 12.

మొదటి పద్నాలుగు రోజుల్ని కాన్ బెన్ అంటారు. ఊళ్ళో కుటుంబాలు జట్లుగా ఏర్పడి, రోజుకో జట్టు వంతున పగోడాలో భిక్షువుల భోజనం, పూజ సామగ్రి చూసుకుంటాయి. పదిహేనో రోజు బెన్ థోమ్. ఆ రోజు ఊరు ఊరంతా అక్కడే ఉంటుంది, కాలు పెట్టడానికి చోటుండదు. మీరు పెద్దవాళ్ళతో వెళ్తున్నారు కాబట్టి బెన్ థోమ్‌కి రెండు మూడు రోజుల ముందు వెళ్ళడం మంచిది. జరిగే కార్యక్రమం అదే, కూర్చోడానికి చాప దొరుకుతుంది, అడిగితే చెప్పేవాళ్ళకీ తీరిక ఉంటుంది.

అభ్యంతరం ఏమీ ఉండదు. పగోడా ఆవరణలోకి ఎవరైనా రావచ్చు. లోపలికి వెళ్ళగానే 'ఆచార్' ఎవరో కనుక్కోండి. తెల్ల చొక్కా వేసుకున్న పెద్దాయన, భిక్షువు కాదు, గృహస్థే. పూజ నడిపించేది, ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెప్పేది ఆయనే. ఆయనకి నమస్కారం పెట్టి, ఉండొచ్చా అని సైగతో అడిగినా సరిపోతుంది. ఇక మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు.

ఆకుపచ్చ కొంగు
తెల్లవారుజామున జరిగేది నేను రాస్తాను, ఎక్కువమంది యాత్రికులకు తెలియనిది అదే.

దాన్ని బాయ్ బెన్ అంటారు. జిగురు బియ్యం ఆవిరి మీద ఉడికించి, నువ్వులు కలిపి, నిమ్మకాయంత ఉండలు చేస్తారు. కొన్ని ఇళ్ళలో కొబ్బరిపాలు కూడా పోస్తారు. ముందు రోజు సాయంత్రమే చేసి పళ్ళెంలో అరిటాకు మీద పేర్చి, కొవ్వొత్తి, అగరొత్తులు, పూలు పెట్టి ఉంచుతారు. తెల్లవారుజామున నాలుగింటికల్లా పగోడాకి చేరతారు. భిక్షువులు పరాభవ సుత్తం అనే బుద్ధుడి బోధ చదువుతారు. తరవాత జనం పళ్ళేలు పట్టుకుని విహారం, అంటే నడిమి పెద్ద గుడి, చుట్టూ మూడుసార్లు తిరుగుతూ ఆ ఉండల్ని చీకట్లోకి వేస్తారు. నరకంలో ఉన్న ప్రేతాలను ఈ పక్షం రోజులు వదిలిపెడతారని, అవి వెలుతురును భరించలేవని నమ్మకం. అందుకే తెల్లారకముందే ముగించాలి. తమవాళ్ళ కోసం ప్రేతాలు ఏడు పగోడాలు వెతుకుతాయని, ఎక్కడా ముద్ద దొరక్కపోతే శపిస్తాయని అంటారు. ఏడు పగోడాలకూ వెళ్ళాలని పట్టుదలగా తిరిగే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి.

పొరపాట్లు జరిగేది ఇక్కడే. సెల్‌ఫోన్ టార్చి వేసుకుని ముందుకు నడవకండి, ఫ్లాష్ అసలే వద్దు. చీకటి ఉండాలన్నదే ఆ కార్యక్రమానికి ప్రాణం. వెలుతురు కావాలంటే కొవ్వొత్తి పట్టుకోండి. చెప్పులు బయట వదిలితే వందల జతల్లో కలిసిపోతాయి, చిన్న గుడ్డసంచిలో వేసి భుజానికి తగిలించుకోవడమే మేలు. అప్పటికి అక్కడ వానాకాలం పూర్తికాదు. బురద, దాని మీద జిగురన్నం. గచ్చు మీద కాలు జారుతుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను ప్రదక్షిణలో తిప్పకుండా మెట్ల దగ్గర కూర్చోబెట్టండి.

కొత్తపాళీ
ఒక అభిప్రాయం. అన్నం నేలపాలు చేయడం చూస్తే మనసుకి ఇబ్బందిగా ఉంటుంది. అక్కడివాళ్ళకు అలా అనిపించదా?

ఆకుపచ్చ కొంగు
అనిపిస్తుంది, ఆ చర్చ వాళ్ళలోనే ఉంది. ఉండల్ని విసరకుండా పళ్ళేల్లో, భిక్షాపాత్రల్లో పెట్టమని చెప్పే పగోడాలున్నాయి. విసిరితేనే ప్రేతానికి చేరుతుంది అనేవాళ్ళూ ఉన్నారు. మీరు వెళ్ళిన చోట ఏ పద్ధతి ఉంటే అదే పాటించండి. పక్కవాళ్ళు పళ్ళెంలో పెడుతుంటే మీరు విసరకూడదు, అంతే. మనం కాకులకు పెట్టే పిండం కూడా తినేవాళ్ళ కోసం పెట్టేదే కదా. ఇక్కడ పెద్దల్లో ఏడు తరాల దాకా లెక్కలోకి వస్తారు, పేరు తెలియనివాళ్ళూ వస్తారు.

ధూళిపటం
పేరు తెలియనివాళ్ళు అన్నారు కాబట్టి ఒక మాట. ఈ పండగ కంబోడియాలో ఇంత బలంగా నిలవడానికి 1975-79 మధ్య జరిగింది పెద్ద కారణం. పోల్ పాట్ నడిపిన ఖ్మేర్ రూజ్ కమ్యూనిస్టుల పాలనలో ఆకలికి, జబ్బులకు, హత్యలకు 15 నుంచి 20 లక్షల మంది పోయారని అంచనా. భిక్షువుల కాషాయం విప్పించారు, పగోడాలను జైళ్ళుగా, గోదాములుగా వాడారు. ఆ కాలంలో పోయినవాళ్ళకు దహనం లేదు, ఏ రోజు పోయారో, ఎక్కడ పోయారో తెలియదు. తిథి తెలియనివాళ్ళకు మహాలయ అమావాస్య నాడు పెడతారని మనకు తెలుసు కదా. అక్కడ ఒక తరం మొత్తానికి అదే పరిస్థితి.

పగటిపూట మీరు చూసే 'బంగ్స్‌కోల్' ఇందుకోసమే. పోయినవాళ్ళ పేర్లు కాగితం మీద రాసి ఇస్తారు. భిక్షువులు ఎదురుగా కూర్చుని మంత్రం చదివి, ఆ పుణ్యం వాళ్ళకి చేరాలని ధారపోస్తారు. ఒక్కో కాగితంలో ముప్పై నలభై పేర్లు ఉంటాయి, చివర్లో 'తక్కిన బంధువులందరూ' అని ఉంటుంది. ఆ సమయంలో ఏడ్చేవాళ్ళ ముఖాల మీదికి కెమెరా పెట్టకండి. 'మీ ఇంట్లో ఎవరు పోయారు' అని సంభాషణ మొదలుపెట్టకండి. వాళ్ళంతట వాళ్ళు చెప్తే వినండి. సియెమ్ రీప్‌లోని వాట్ థ్మెయ్ పగోడాలో అద్దాల స్తూపంలో ఆనాటి ఎముకలు పెట్టారు, ప్నొంపెన్ శివార్లలో అప్పట్లో జనాన్ని చంపి పూడ్చిన చోఎంగ్ ఎక్ ఉంది. ఈ రోజుల్లో అక్కడికి వచ్చేవాళ్ళలో చాలామంది యాత్రికులు కాదు, బంధువులు.

మీ నాన్నగారు తన పెద్దల పేర్లు రాయించాలనుకుంటే నిరభ్యంతరంగా రాయించుకోవచ్చు. ఆచార్‌కి చెప్తే కాగితం ఇస్తారు. కవరులో ఎంతో కొంత రియెల్‌లలో, అంటే అక్కడి డబ్బులో, పెట్టి ఇవ్వండి. దీనికి రేటంటూ లేదు.

నాగావళి
ఇది నాన్నకి చదివి వినిపించాను, తప్పకుండా రాయిస్తారు. పగలు ఎన్నింటికి వెళ్ళాలి? మేం ఏం తీసుకెళ్ళాలి?

మెకాంగ్ ఒడ్డు
ఎనిమిది, ఎనిమిదిన్నరకి చేరండి. అక్కడి బౌద్ధ శాఖ థేరవాదం, ఆ భిక్షువులు మధ్యాహ్నం పన్నెండు దాటాక తినరు, కాబట్టి భోజనం పదకొండు ప్రాంతంలోనే జరిగిపోతుంది. పన్నెండింటికి తెచ్చిన వంట ఆ రోజుకి ఇవ్వడానికి పనికిరాదు. జనం ఎక్కువగా చేసే తప్పు ఇదే.

వరసగా భిక్షాపాత్రలు పెట్టి ఉంటాయి. ఇంటినుంచి తెచ్చిన తెల్లన్నం ఒక్కో పాత్రలో ఒక్కో గరిటె వేసుకుంటూ పోతారు. ముప్పై పాత్రలుంటే ముప్పై గరిటెలు, కాబట్టి మొదటి పాత్రలోనే కుమ్మరించకండి. మీ దగ్గర అన్నం లేకపోతే పక్కనున్న ఆడవాళ్ళే గిన్నె ఇస్తారు. లేదంటే చిన్న రియెల్ నోట్లు, 500వీ 1000వీ, పాత్రకి ఒకటి చొప్పున పెట్టండి. డాలర్‌కి సుమారు 4000 రియెల్ వస్తుంది. డాలర్లే ఇవ్వాల్సి వస్తే చిరగనివి, మరక లేనివి ఇవ్వండి, అంచు కాస్త చిరిగినా అక్కడ బజారులో ఎవరూ తీసుకోరు. పళ్ళు, అగరొత్తులు, తామరమొగ్గలు గేటు బయటే దొరుకుతాయి. మొగ్గల రేకుల్ని లోపలికి మడిచి పెట్టడం వాళ్ళ అలవాటు, అమ్మే ఆవిడ నిమిషంలో మడిచి ఇస్తుంది.

ఆడవాళ్ళు భిక్షువును తాకకూడదు, నేరుగా చేతికి ఇవ్వకూడదు. ముందున్న గుడ్డ మీదో పళ్ళెంలోనో పెడితే ఆయన తీసుకుంటారు. కూర్చునేటప్పుడు బాసింపట్టు వద్దు, రెండు కాళ్ళూ ఒక పక్కకి మడిచి, పాదాలు బుద్ధుడి వైపు, భిక్షువుల వైపు చూడకుండా పెట్టుకోవాలి. మోకాలు మడవలేనివాళ్ళకు గోడ వారన కుర్చీలు వేస్తారు, మొహమాటపడకుండా అడగండి. కుర్చీలో ఉన్నా కాళ్ళు చాపకూడదు.

విజయపురి
నమస్కారం ఎంత పైకెత్తితే అంత గౌరవం కదా, అందరికీ నుదుటి దగ్గరే పెట్టేస్తే సరిపోదా?

ఆకుపచ్చ కొంగు
సరిపోదండి. వాళ్ళు 'సంపెయా' అంటారు, అందులో ఐదు స్థాయిలున్నాయి. తోటివాళ్ళకి ఛాతీ దగ్గర, వయసులో పెద్దవాళ్ళకి, పై అధికారులకి నోటి దగ్గర, తల్లిదండ్రులకి, తాతలకి, గురువులకి ముక్కు దగ్గర, రాజుకి, భిక్షువులకి కనుబొమల దగ్గర, బుద్ధుడికి నుదుటి దగ్గర. హోటల్ కుర్రాడికి నుదుటి దాకా ఎత్తితే అతను ఇబ్బంది పడతాడు. మీ కన్నా చిన్నవాళ్ళు ముందు పెడితే బదులుగా ఛాతీ దగ్గర పెడితే చాలు. టోపీ ఉంటే తీసేయాలి.

పిలుపుల్లో మనవాళ్ళకి కష్టం ఉండదు, వాళ్ళూ వరసలతోనే పిలుచుకుంటారు. కాస్త పెద్దవాళ్ళయితే 'బాంగ్', తల్లి వయసు ఆవిడైతే 'మింగ్', తాతయ్య 'తా', అమ్మమ్మ 'యెయ్', భిక్షువు 'లోక్ సాంగ్'. అవును అనడానికి మగవాళ్ళు 'బాత్', ఆడవాళ్ళు 'చా' అనాలి. ధన్యవాదాలు 'ఆర్కూన్'. పెద్దవాళ్ళకి డబ్బు, వస్తువు ఏదిచ్చినా రెండు చేతులతో ఇవ్వండి.

గోంగూర గిన్నె
తిండి సంగతి నేను చెప్తాను. 'ఒత్ సాచ్' అంటే మాంసం వద్దు అని. అది మాత్రం చెప్తే చేపతో వండి పెడతారు, ఎందుకంటే వాళ్ళ లెక్కలో చేప 'సాచ్' కాదు, 'త్రెయ్'. సరైన మాట 'ఞామ్ బువహ్'. నియమంగా శాకాహారం తింటాం అని అర్థం, వినగానే గ్రహిస్తారు. దానికి తోడు 'ఒత్ తుక్ త్రెయ్', చేపనీళ్ళు వద్దు, 'ఒత్ ప్రహొక్', పులియబెట్టిన చేపముద్ద వద్దు, అని విడిగా చెప్పాలి. ఈ రెండూ కంటికి కనిపించవు. కూరగాయల వేపుడులో ఆల్చిప్ప సాస్, పచ్చి మామిడి, బొప్పాయి సలాడ్లలో ఎండు రొయ్యపొడి మామూలే. సూపు ఏదైనా సరే, నీళ్ళు ఎముకలు ఉడికినవే అనుకోండి.

అమోక్ గురించి చాలామంది అడుగుతారు. నిమ్మగడ్డి, గలంగల్ దుంప, పసుపు, వెల్లుల్లి, చిన్న ఉల్లి, కాఫిర్ నిమ్మ ఆకు కలిపి రోట్లో నూరితే వచ్చే ముద్ద 'క్రోఎంగ్'. దాన్ని కొబ్బరిపాలలో కలిపి, అడుగున తొగరు ఆకులు పరిచిన అరిటాకు దొన్నెలో ఆవిరికి పెడతారు. అసలుది చేపతో చేస్తారు. సియెమ్ రీప్‌లో పుట్టగొడుగులు, టోఫు వేసి చేసే హోటళ్ళు చాలా ఉన్నాయి. అక్కడా చేపనీళ్ళు, రొయ్యముద్ద లేకుండా చేస్తారా అని అడగాలి, ముద్ద ముందే నూరి పెట్టుకుని ఉంటే కుదరదని చెప్పేస్తారు.

పండగ వంట 'ఆన్‌సామ్'. నానబెట్టిన జిగురు బియ్యం, మధ్యలో పొట్టు తీసిన పెసరపప్పు, మిరియాలు పట్టించిన పందిమాంసం పెట్టి, అరిటాకులో గుండ్రంగా చుట్టి, అంగుళానికో కట్టు కట్టి, ఆరేడు గంటలు ఉడికిస్తారు. అది ఆన్‌సామ్ చ్రూక్. అరటిపండు పెట్టి చుట్టేది ఆన్‌సామ్ చెక్, శాకాహారమే. కానీ చాలా ఇళ్ళలో రెండూ ఒకే హండాలో ఉడుకుతాయి, పట్టింపు ఉన్నవాళ్ళు ఇది తెలుసుకుని తినాలి. చుట్టడంలో నేర్పంతా బిగువులోనే. వదులుగా కడితే నీళ్ళు చేరి జావవుతుంది, మరీ బిగిస్తే బియ్యం ఉబ్బి ఆకు చిట్లుతుంది. ఆకును ముందు ఎండలో వాడ్చకపోతే మడతలోనే చీలిపోతుంది. 'నోమ్ కోమ్' అయితే ఇంకా మంచిది. జిగురు బియ్యప్పిండిలో కొబ్బరి, తాటిబెల్లం కూరి, కోణాకారంలో ఆకు చుట్టి ఆవిరికి పెడతారు, మన పూర్ణం కుడుముకి దగ్గర చుట్టం. బజారులో తాటిపండు గుజ్జు, బియ్యప్పిండి, కొబ్బరిపాలతో చేసిన పసుపుపచ్చని 'నోమ్ ఆకావ్ త్నాత్' కనిపిస్తే వదలకండి.

పగోడాలో భిక్షువులు తిన్నాక మిగిలింది అందరూ కూర్చుని తింటారు, మిమ్మల్నీ పిలుస్తారు. అక్కడ భిక్షువులూ మాంసం తింటారు, కాబట్టి అది శాకాహారం అని అనుకోకండి. పిలిచినప్పుడు లేచి వెళ్ళిపోతే బాగుండదు. కూర్చుని తెల్లన్నం, పళ్ళు తీసుకోండి, వాళ్ళకి అదే సంతోషం.

పోచంపల్లి పడుగు
బట్టల సంగతి. పండగకి పగోడాలో తెలుపు చొక్కా లేదా జాకెట్టు, కింద ముదురు రంగు పట్టు సంపోత్, అంటే నడుముకి చుట్టుకునే బట్ట. మీకు తెల్ల చొక్కా, ముదురు ప్యాంటు చాలు. అమ్మగారు చీర కట్టుకుంటే చక్కగా సరిపోతుంది, జాకెట్టు మాత్రం భుజాలు, వీపు కప్పేలా ఉండాలి.

నేత మీద ఆసక్తి ఉంటే 'సంపోత్ హోల్' తప్పక చూడండి. ఇది మన చిటికి పనే, అంటే ఇక్కత్. పేక పట్టుదారాన్ని చట్రం మీద సాగదీసి, అరటినారతోనో ప్లాస్టిక్ పీచుతోనో ముడులు వేసి, రంగులో ముంచి, విప్పి, మళ్ళీ ముడి వేస్తారు. తేడా ఏమిటంటే మన పోచంపల్లిలో పడుగూ పేకా రెండిటికీ చిటికి కట్టే పద్ధతి కూడా ఉంది, నేత సాదా నేత. వాళ్ళది పేకకి మాత్రమే, నేత ఏటవాలు గీతలు పడే ట్విల్. పడుగు పోగుల్ని ఎత్తి దించే ఊయళ్ళు మూడింటితో నేస్తారు. అందుకే ఒక ముఖం నిగనిగలాడుతుంది, రెండో ముఖం మసకగా ఉంటుంది. రంగు వెనక వైపుకి సరిగ్గా దిగకుండా, బొమ్మ అంచులు గీసినట్టు పదునుగా ఉంటే అది అచ్చు వేసిన బట్ట. కట్టిన బొమ్మ అంచు ఎప్పుడూ కాస్త చెదిరే ఉంటుంది. ఒక పోగు లాగి కాల్చి చూపమంటే నిజమైన నేతగాళ్ళు కాదనరు. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద వేలితో నలిపితే పొడవుతుంది, పాలిస్టర్ అయితే గట్టి ముద్ద కడుతుంది. ప్నొంపెన్ నుంచి పడవ దాటితే కోహ్ డాచ్ దీవిలో మగ్గాలు చూడొచ్చు, తకేవ్ రాష్ట్రం దీనికి అసలు పుట్టిల్లు.

గళ్ళ కండువా 'క్రమా'కి 2024లో యునెస్కో గుర్తింపు వచ్చింది. రోడ్డు పక్కన అమ్మేవాటిలో చాలావరకు మరనేత పాలిస్టరే. నూలుది కొనండి, చెమటా పీలుస్తుంది, ఎండకి తలకీ చుట్టుకోవచ్చు.

శిలాక్షరం
అంకోర్ వాట్ గోడల వరసకి వస్తాను. చాలామంది మనవాళ్ళు అలవాటుగా ప్రదక్షిణంగా మొదలుపెడతారు, అప్పుడు కథ తలకిందులవుతుంది. ఆ గోడలు అప్రదక్షిణంగా చూడాలి. పడమటి ద్వారం నుంచి లోపలికి వెళ్ళి, మూడో ఆవరణ వరండా రాగానే కుడికి తిరగండి. గోడ ఎప్పుడూ మీ ఎడమ చేతి వైపు ఉండాలి, అదే గుర్తు.

మొదట కురుక్షేత్రం. ఎడమ నుంచి కౌరవులు, కుడి నుంచి పాండవులు వస్తారు. కింది వరసలో కాలిబంట్లు క్రమంగా నడుస్తుంటారు, మధ్యకి వచ్చేసరికి చేయీ కాలూ తెలియనంతగా కలిసిపోతారు. ఎడమ భాగంలో పైన భీష్ముడి అంపశయ్య ఉంది, చుట్టూ రాజులు కూర్చుని ఉంటారు. వెలుతురు పక్కనుంచి పడేటప్పుడే బాగా తెలుస్తుంది, అందుకే ఈ గోడకి మధ్యాహ్నం తరవాత రండి. మూల తిరిగితే దక్షిణ గోడ మీద సూర్యవర్మ-2 ఊరేగింపు. గుడి కట్టించిన రాజు ఆయనే, 12వ శతాబ్దం. దాని తరవాత యముడు, చిత్రగుప్తుడు, 37 స్వర్గాలు, 32 నరకాలు. ప్చుమ్ బెన్ రోజుల్లో వెళ్ళేవాళ్ళు ఈ గోడ దగ్గర తీరిగ్గా నిలబడాలి. పగోడాలో ఎవరి కోసం ముద్ద వేస్తున్నారో ఇక్కడ కింది వరసలో కనిపిస్తారు. మరో మూల తిరిగితే తూర్పున సముద్ర మథనం, 92 మంది అసురులు, 88 మంది దేవతలు, మధ్యలో విష్ణువు, దేవతల చివర హనుమంతుడు. రామ రావణ యుద్ధం పడమటి గోడకే ఉత్తరపు సగంలో ఉంటుంది. చుట్టూ తిరగలేని పెద్దవాళ్ళకి కురుక్షేత్రం, లంకా యుద్ధం ఈ రెండూ ద్వారానికి అటూ ఇటూ ఉన్నాయి కాబట్టి అవి చూపిస్తే చాలు.

పై అంతస్తు 'బాకాన్' మెట్లు బాగా నిటారు. భుజాలు, మోకాళ్ళు కప్పని బట్టతో ఎక్కనివ్వరు, శాలువా కప్పుకుంటే ఒప్పుకోరు. నెలకి నాలుగు శీల దినాల్లో, అంటే రెండు పక్షాల్లో అష్టమికి, పౌర్ణమికి, అమావాస్యకి, బాకాన్ మూసేస్తారు. బెన్ థోమ్ అమావాస్యే కాబట్టి ఆ రోజు పైకి ఎక్కుదామని పెట్టుకోకండి. టికెట్టు ఒక రోజుకి 37 డాలర్లు, మూడు రోజులకి 62. మూడు రోజులది వరసగా వాడక్కర్లేదు, పది రోజుల్లో ఎప్పుడైనా మూడు రోజులు.

ఇంకొకటి. పడమటి గోపురంలో దక్షిణం వైపు గదిలో ఎనిమిది చేతుల పెద్ద విగ్రహం ఉంది. విష్ణువు విగ్రహం, ఊరివాళ్ళకి మాత్రం 'తా రీచ్', ఈ ప్రాంతాన్ని కాచే దేవత. మొక్కులు, పళ్ళు, అగరొత్తులు రోజూ ఉంటాయి. అది మ్యూజియం బొమ్మ కాదు, చెప్పులు విప్పి వెళ్ళండి.

నాగావళి
అందరికీ కృతజ్ఞతలు. ఒక్కటే మిగిలింది. ప్నొంపెన్ ముందా, సియెమ్ రీప్ ముందా?

మెకాంగ్ ఒడ్డు
సెలవులు మూడు రోజులూ ప్నొంపెన్ ఖాళీ అవుతుంది, అందరూ సొంతూళ్ళకి పోతారు. చిన్న హోటళ్ళు, బజారు కొట్లు చాలావరకు మూసేస్తారు, శాకాహారం దొరకడం కష్టమవుతుంది. బస్సులు వారం పది రోజుల ముందే నిండిపోతాయి. కాబట్టి ప్నొంపెన్ ముందు పెట్టుకోండి, కాన్ బెన్ రోజుల్లో వాట్ లంగ్కా, వాట్ ఉణ్ణాలోమ్ చూసి, సెలవు మొదలయ్యే ముందు రోజుకల్లా సియెమ్ రీప్ చేరిపోండి. అక్కడ వాట్ బో, వాట్ డామ్నాక్ రెండూ ఊళ్ళోనే ఉన్నాయి, తెల్లవారుజామున టుక్‌టుక్ ముందు రోజు రాత్రే మాట్లాడుకోవాలి, పొద్దున్న మూడున్నరకి రోడ్డు మీద దొరకదు. సియెమ్ రీప్ కొత్త విమానాశ్రయం ఊరికి నలభై కిలోమీటర్లకు పైనే, 2023లో మారింది, పాత వివరాలు చూసుకుని బయల్దేరితే విమానం తప్పుతుంది. బెన్ థోమ్ నాడు ప్నొంపెన్‌లోనే ఉండాల్సి వస్తే మాత్రం పొద్దున్నే కందాల్ రాష్ట్రంలోని విహియర్ సూర్ ఊరికి వెళ్ళండి, ఏటా పండగ చివరి రోజున దున్నపోతుల పందెం, కుస్తీలు జరుగుతాయి. పందెం ఎనిమిదీ తొమ్మిదికే అయిపోతుంది. దారి పొడవునా జనం నిలబడతారు, దున్నలు గట్టు దాటి జనంలోకి వచ్చేస్తుంటాయి, అమ్మానాన్నల్ని పగోడా అరుగు మీదే ఉంచండి.